తాలు మార్కులు

ఈ రోజు పొద్దున ఏడున్నరకి నేనొక తప్పు చేశాను. తెలియక చేసింది కాదు. కాఫీ తాగి, కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని మరీ చేశాను. మా అమ్మాయి డిగ్రీ సీటు కోసం ఆన్‌లైన్లో పెట్టుకున్న ఆప్షన్ల వరసని, తనతో ఒక్క మాట చెప్పకుండా, నా ఫోన్లోంచి తారుమారు చేశాను. ఇప్పుడు డిగ్రీలో చేరాలంటే కాలేజీ గుమ్మం ఎక్కి దరఖాస్తు ఇచ్చే పద్ధతి లేదు. ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో ఒకటి, రెండు, మూడు అని వరసగా పెట్టాలి. వాళ్లు మార్కులు చూసి, పైనుంచి దిగుతూ, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సీటు వేస్తారు. వరస మార్చినప్పుడల్లా ఫోనుకి ఓటీపీ వస్తుంది, అది కొడితేగానీ మార్పు నిలవదు. ఆ ఓటీపీ వచ్చేది నా ఫోనుకి. రిజిస్ట్రేషన్ రోజున నెట్ సెంటర్ వాడు నంబరు అడిగితే, ఇంటి పెద్దని కదా అని, మా అమ్మాయి నోరు తెరిచేలోగా నేను నాది చెప్పేశాను. అసలు తప్పు అక్కడే మొదలైందేమో.

మా అమ్మాయికి ఇంటర్లో వెయ్యికి ఐదువందల ఎనభై ఏడు వచ్చాయి. ఏడవాల్సిన మార్కులూ కావు, ఎదురింటివాళ్లకి స్వీట్లు పంచాల్సిన మార్కులూ కావు. తను మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నది పొన్నూరులో ఒక చిన్న కాలేజీ, ఫుడ్ టెక్నాలజీ. నేను దాన్ని నాలుగో చోటుకి తోసి, గుంటూరులోనే అద్దాల మేడ ఉన్న ఒక పెద్ద కాలేజీలో డేటా సైన్స్‌ని పైకి ఎక్కించాను. మార్పులకి గడువు ఈ సాయంత్రం ఐదింటిదాకా. ఆ తర్వాత పైన ఏది ఉంటే పిల్ల మూడేళ్ల బతుకు అదే.

ఎందుకు చేశావయ్యా అంటే, మా తోడల్లుడు పకోడీలు తిన్నాడు కాబట్టి. అతను ఒంగోలులో ఉంటాడు. ఏదో పని మీద నిన్న సాయంత్రం వచ్చాడు. వాళ్లబ్బాయి మంచి ర్యాంకు తెచ్చుకుని ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ కారణంగా దేశంలో ఉన్న పిల్లలందరి చదువుల మీదా అతనికి ఒక అధికారం వచ్చింది. "ఫుడ్ టెక్నాలజీ ఏంటన్నయ్యా, పచ్చళ్లు పడుతుందా పిల్ల? డేటా సైన్స్ చేయించు. ఇవాళ డేటా సైన్స్ చెయ్యనోడు మనిషి కిందకి రాడు" అన్నాడు, పకోడీని చట్నీలో ముంచుతూ. డేటా సైన్స్ అంటే ఏమిటో నాకు తెలియదు. అతనికీ తెలియదని నా అనుమానం. కానీ మనిషి వేడి పకోడీ నోట్లో పెట్టుకుని కూడా ఆగకుండా చెబుతున్నాడంటే అందులో నిజం ఉండితీరుతుందనిపించింది.

తొమ్మిదింటికి మా అమ్మాయి ఆప్షన్ల ప్రింటు తీసుకుందామని పేజీ తెరిచి చూసుకుంది. హాల్లోకి వచ్చింది. నేనూ తోడల్లుడూ ఇడ్లీలు తింటున్నాం.

"నాన్నా, నా ఫస్ట్ ఆప్షన్ ఎవరు మార్చారు?"

"నేనే. నీ మంచికే."

"నన్నొక్క మాట అడగొచ్చుగా?"

తోడల్లుడు ఇడ్లీ తుంచడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు లేకపోతే నేను ఇంకో మాట అనేవాణ్ణేమో. "తాలు మార్కులు తెచ్చుకుని మళ్లీ ఆప్షన్లు కూడానా?" అన్నాను.

ఈ మాట విలువ తెలియాలంటే మా గుంటూరు మిరపకాయ గురించి కొంచెం చెప్పాలి. ఎర్రగా నిగనిగలాడాల్సిన కాయ తెల్లమచ్చలు పడి, పాలిపోయి, ఎండుగడ్డి రంగుకి తిరిగితే దాన్ని తాలు అంటారు. మంచి కాయలోంచి దాన్ని ఏరి విడిగా పోస్తారు. నేను గుంటూరు పొలిమేరలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి మేనేజర్ని. మా ఇంట్లో అన్నంలో కలిపే మాటల్లో ఈ మాట ఒకటి. మా అమ్మాయి అక్షరాలు నేర్చుకోకముందే ఎర్రకాయనీ తాలునీ వేరుచేయడం నేర్చుకుంది. చిన్నప్పుడు సెలవుల్లో నాతో గోదాముకి వచ్చి, చెంగుతో మూతి కట్టుకున్న ఆడవాళ్ల మధ్య కూర్చుని, తుమ్ముతూ ఏరేది. అంచేత ఆ మాట తనకి సగంలోనే అర్థమైంది. ఏడవలేదు. నా కంచం తీసి సింకులో పెట్టి, "అయితే నన్ను వేరే టిక్కీలో పొయ్యి నాన్నా" అని మేడ మీదికి వెళ్లిపోయింది. టిక్కీ అంటే మా యార్డు భాషలో మిరపకాయల బస్తా.

మా ఆవిడ వంటింట్లోంచే, "ఏవండీ, మీ మామయ్యగారు ఈ మాట వినకుండానే పోయారు, అదృష్టవంతులు" అంది. నాకు కోపం వచ్చింది. ఫోను జేబులో వేసుకుని పనికి వెళ్లిపోయాను. ఓటీపీ నా జేబులో ఉన్నంతసేపూ వరస కదలదని నాకు తెలుసు. ఈ ముక్క రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

గోదాములో ఒక కొనుగోలుదారు నాకోసం ఎదురుచూస్తున్నాడు. చల్లగదిలోంచి నాలుగు టిక్కీలు బయటపెట్టించాను. మూతి విప్పగానే ఎర్రటి కాయలు మెరిశాయి. అతను వాటి వంక చూడనైనా చూడలేదు. చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా టిక్కీలోకి దింపి, అడుగు నుంచి గుప్పెడు కాయ బయటికి లాగి అరచేతిలో పరిచి చూశాడు. పాతికేళ్లుగా రోజూ చూసే సంగతే. పైకాయ అందరూ మంచిదే పోస్తారు, సరుకు సంగతి అడుగున తెలుస్తుంది. కానీ ఈ రోజు ఆ చెయ్యి చూస్తే నాకు మా మేనమామ చెయ్యి కనబడింది. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కొట్టు తరఫున కాయ చూసి రకం తేల్చడం ఆయన పని. కుడిచెయ్యి మోచేతి దాకా ఒక రంగు, అక్కణ్ణించి పైకి ఇంకో రంగు. ఆ చేత్తో ఏ జన్మలోనూ కళ్లు నలుపుకోకూడదని ఆయన పెట్టుకున్న నియమం ఎంత గట్టిదంటే, సెలవు రోజు నిద్రలో కూడా కన్ను దురదపెడితే ఎడమచెయ్యే లేచేది. ఆయన చొక్కాలు నానబెట్టడానికి మా అత్తయ్య ఒక పసుప్పచ్చ బకెట్ విడిగా ఉంచేది. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టమొకాయన తెలియక ఆ బకెట్‌తో స్నానం చేసి, మధ్యాహ్నం దాకా ఫ్యాను కింద తడితువ్వాలుతో నిలబడే ఉన్నాడు. బ్రాడీపేటలో మామయ్య స్కూటర్ ఎక్కడ ఆగినా చుట్టుపక్కల కొట్లలోవాళ్లు తుమ్మేవాళ్లు. వరసగా నాలుగు తుమ్ములు వినబడితే అత్తయ్య పొయ్యి మీద అన్నం గిన్నె ఎక్కించేది.

మా ఊరు పర్చూరు వైపు ఒక పల్లె. నల్లరేగడి, పత్తి. నేను ఇంటర్ రాసిన రోజుల్లో ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడేవి. పైన ఫస్ట్ క్లాసు, తర్వాత సెకండ్, అడుగున థర్డ్. మా నాన్న బస్సులో వచ్చిన పేపర్ని అరుగు మీద పరిచి, ఫస్ట్ క్లాసు మొదటి నంబరు దగ్గర వేలు పెట్టి మొదలుపెట్టాడు. దిగుతూ, దిగుతూ, మధ్యలో ఒకసారి మంచినీళ్లు తాగి, మళ్లీ దిగుతూ పేపరు అడుగుకి వచ్చాడు. నా నంబరు చివరి వరసలో, చెప్పుల కొట్టు ప్రకటనకి ఆనుకుని ఉంది. నాన్న చాలాసేపు ఆ చెప్పుల బొమ్మ వంకే చూశాడు. "ఒరేయ్, ఈ ఏడు పత్తి తీతకి ఒక మనిషి తగ్గుతాడనుకున్నా. తగ్గలా" అన్నాడు. అంతే. కొట్టినా బాగుండేది.

నాలుగో రోజుకి మామయ్య దిగాడు. అమ్మ ఎవరిచేతో కబురు పంపించింది. ఆయన నా మార్కుల కాగితం తీసుకుని, కాయని చూసినట్టే వెలుతురుకి ఎత్తి ముందూ వెనకా చూసి, మా నాన్నతో, "బావా, ఈ కాయని ఒక్క వారం నా దగ్గర వదులు. రకం నేను తేలుస్తా" అన్నాడు. "తేల్చేదేముంది, కనబడతానే ఉందిగా" అన్నాడు నాన్న. "పైన కనబడేది చూసి కొనుంటే మా కొట్టు ఎప్పుడో మూసేసేవాళ్లం" అన్నాడు మామయ్య. మర్నాడు పొద్దున నేను గుంటూరులో, ఆయన స్కూటర్ వెనక, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

బ్రాడీపేట నాలుగో లైన్లో వెళ్తుంటే ఆయన వీపుతో అన్నాను, "మామయ్యా, నేను తాలునే కదా" అని. ఆయన బ్రేకు వేశాడు. పక్కకి తియ్యలేదు, రోడ్డు నడిమధ్య. వెనకాల రిక్షాలూ ఆటోలూ ఆగిపోయి హారన్లు మొదలయ్యాయి. మామయ్య తల వెనక్కి తిప్పి, తొందర లేకుండా, "అల్లుడూ, కాయ తాలు ఎట్టా అవుద్దో తెలుసా?" అన్నాడు. "చెట్టు మీద ఉన్నప్పుడు అన్నీ ఎర్రకాయలే. కోసుకొచ్చి కల్లంలో ఆరబోస్తారా? మంచు పడుద్దని తెలిసి కూడా పట్టా కప్పకుండా ఇంటికెళ్లి పడుకుంటాడు చూడు ఒకడు, వాడి వల్ల అవుద్ది. తాలు అనేది కాయ పేరు కాదురా. ఆరబోసినోడి పేరు." వెనక ఆటోవాడు, "ఏం పెద్దాయనా, మిరపకాయల పాఠం యార్డులో చెప్పుకోరాదా?" అని అరిచాడు. "అయిపోయింది బాబూ, పరీక్ష లేదులే" అని మామయ్య స్కూటర్ కదిలించాడు. చెట్టు మీద ఉండగానే తెగులు పట్టి కూడా కాయ తాలవుతుందని ఈ పనిలో పడ్డాక తెలుసుకున్నాను. అది ఆయనకి తెలియనిదేం కాదు. ఆ రోజు ఆ ముక్క నాకు చెప్పలేదు, అంతే.

ఆ వారం మేం కాలేజీలు చూశాం. మామయ్య పద్ధతి ఒకటే. మొదటి కాలేజీ బోర్డు కాలేజీ కన్నా ఎత్తుగా ఉంది. ప్రిన్సిపాలుగారు మాకు కూల్ డ్రింకులు తెప్పించి, తమ కాలేజీ గొప్పలు రెండు తుమ్ముల మధ్యన ఒకటి చొప్పున చెప్పారు. మామయ్య అన్నీ విని, "ల్యాబు చూడొచ్చాండీ?" అన్నాడు. ల్యాబుకి వేసిన తాళం తుప్పు పట్టి ఉంది. అటెండరు మూడు తాళంచెవులు మార్చాడు, కొబ్బరినూనె పోశాడు, చివరికి తలుపుని కాలితో కూడా తన్నాడు. మామయ్య బయటికొచ్చి, "కుళాయి తిరుగుద్దో లేదో చూద్దామనుకున్నా. తలుపే తిరగలా" అని స్కూటర్ స్టార్ట్ చేశాడు.

రెండో కాలేజీ గోడల నిండా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు. ప్రిన్సిపాలు ఒక్కొక్క ఫోటో దగ్గరా ఆగి మాకు పరిచయం చేశాడు. మామయ్య భక్తిగా తలూపుతూ చివరిదాకా వెళ్లి, "ఇవి పైకాయలండీ. అడుగుకాయలు ఎక్కడున్నాయి?" అన్నాడు. ఆయనకి అర్థం కాలేదు. "అదేనండీ, ఫెయిలైనోళ్లు. వాళ్లని ఏం చేస్తున్నారో చూపించండి" అన్నాడు మామయ్య. "మా దగ్గర ఫెయిలైనవాళ్లు ఉండరండీ" అన్నాడాయన గర్వంగా. "ఉండరా, ఉంచరా?" అన్నాడు మామయ్య. మాకు అక్కడ కూల్ డ్రింకులు రాలేదు.

మూడోదీ, నాలుగోదీ ఇలాగే అయ్యాయి. ఐదో రోజున చీరాల దారిలో ఒక పెంకుటింటి కాలేజీ తగిలింది. ప్రిన్సిపాలుగారు వరండాలో కూర్చుని పాత చాక్‌పీసు ముక్కల్ని డబ్బాలో వేసుకుంటున్నారు. మామయ్య అదే ప్రశ్న అడిగాడు. ఆయనకి కోపం రాలేదు. లేచి, "రండి" అని ఒక గది దగ్గరికి తీసుకెళ్లారు. లోపల ఒక విద్యార్థి, ఒక మేష్టారు, బోర్డు నిండా లెక్కలు. అప్పుడు నడివేసవి సెలవులు. "ఇతను లెక్కల్లో రెండుసార్లు పోయాడండీ. ఎండాకాలమంతా రోజూ పొద్దున్నే వస్తున్నాడు. మా మేష్టారూ వస్తున్నాడు. ఇద్దరిలో ఎవరు ముందు అలిసిపోతారా అని చూస్తున్నాను" అన్నారు ప్రిన్సిపాలుగారు. మామయ్య ల్యాబులోకి వెళ్లి కుళాయి తిప్పాడు. అది ముందు దగ్గింది, తర్వాత తుప్పునీళ్లు కక్కింది, తర్వాత తేటగా పారింది. మామయ్య కుడిచెయ్యి మోచేతి దాకా శుభ్రంగా కడుక్కుని, తుడుచుకోకుండానే బయటికొచ్చి, "ఇక్కడ ఆరబోద్దాం రా అల్లుడూ" అన్నాడు. నేను ఆ కాలేజీలో బీఎస్సీ చదివాను. నేనూ ఒక వేసవి ఆ గదిలో బోర్డు ముందు కూర్చున్నాను. ఫస్ట్ క్లాసు రాలేదు, సెకండ్ వచ్చింది. నా చేత్తో నేను సంపాదించుకున్న మొదటి మంచి వస్తువు అదే.

ఈ కథ మా ఇంట్లో భోజనాల దగ్గర వందసార్లు చెప్పి ఉంటాను. పసుప్పచ్చ బకెట్టు, తుప్పు పట్టిన తాళం, "ఉండరా, ఉంచరా" అన్నీ వరసగా. మా అమ్మాయి చిన్నప్పుడు పెరుగన్నం దగ్గర ఈ కథ లేకపోతే ముద్ద మింగేది కాదు. కానీ ఆ కథలో ఒక అబద్ధం ఉంది. నేను చెప్పేటప్పుడు స్కూటర్ వెనక కూర్చున్నది నేను కాదు, "మా బంధువులబ్బాయి ఒకడు". ఇది పెళ్లిచూపుల నాడు మొదలైంది. మా మామగారు సరదాకి ఏదైనా చెప్పమంటే ఈ కథ మొదలుపెట్టి, థర్డ్ క్లాసు అనే మాట దగ్గరికి వచ్చేసరికి, తలుపు సందులోంచి కనబడుతున్న పచ్చచీర అంచుని చూసి, నోరు దానంతటదే "బంధువులబ్బాయి" అనేసింది. మామయ్య పక్కనే కూర్చుని ఉన్నాడు. నన్ను బయటపెట్టలేదు. వక్కపలుకు బుగ్గలోకి తోసుకుని, "అవునురోయ్, ఆ కుర్రాడు ఇప్పుడెట్టా ఉన్నాడో" అన్నాడు. పెళ్లయ్యాక దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బంధువులబ్బాయికి ఒక మొహం, ఒక నడక కూడా వచ్చేశాయి. మామయ్య పోయి ఎనిమిదేళ్లయింది. ఆయన ఉన్నంతకాలం కనబడిన ప్రతిసారీ ఒక కన్ను చిన్నది చేసి, "బంధువులబ్బాయి కులాసానా?" అని అడిగేవాడు.

మధ్యాహ్నం రెండున్నరకి గోదాము అప్పగించి పొన్నూరు వైపు స్కూటర్ తీశాను. చేబ్రోలు దాటాక గాలి మారింది. మా వైపు గాలిలో ఎప్పుడూ ఉండే ఘాటు పోయి, కాలవ నీళ్ల వాసన, నారుమడుల పచ్చివాసన తగిలాయి. పొన్నూరులో ఆ కాలేజీ వెతుక్కోవడానికి ముగ్గుర్ని అడగాల్సి వచ్చింది. బోర్డు చిన్నది. అది చూసి నాకు ఎందుకో ధైర్యం వచ్చింది. గేటు దగ్గర తెల్లటోపీ పెట్టుకున్న ముసలాయన, వాచ్‌మన్, తెగిపోయిన కుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లుతున్నాడు.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ వద్దు. ల్యాబు ఒకసారి చూడాలి."

ఆయన అల్లడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "అదేంటోనండీ, ఈ ఏడు అందరికీ ల్యాబు మీద పడింది. ఇంతకుముందు ఎవరొచ్చినా హాస్టలు కూరలు అడిగేవాళ్లు. మొన్నామధ్య ఒకమ్మాయి వచ్చింది, స్నేహితురాలితో, బస్సులో. గుంటూరంట. మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజరుగారి అమ్మాయంట."

"ఏం చేసింది?" అన్నాను.

"ఏం చెయ్యలేదండీ. ల్యాబులోకెళ్లి కుళాయి తిప్పింది. నీళ్లొస్తే చెయ్యి కడుక్కుంది. ఇట్టా, మోచేతి దాకా. తర్వాత మేడంగారి దగ్గరికెళ్లి, ఇక్కడ ఫెయిలైనోళ్లని ఏం చేస్తారండీ అని అడిగింది. అట్టా అడిగిన పిల్లని నేనెప్పుడూ చూళ్లేదు. మేడంగారు నవ్వి, సాయంత్రం పూట వాళ్లకి విడిగా చెప్పే క్లాసు ఉంటే కూర్చోబెట్టి చూపించారు. ఆ పిల్ల బల్ల చివర గంటసేపు కూర్చుని, పోయేటప్పుడు నాకు కూడా దండం పెట్టి పోయింది. ఆ పిల్ల మీకేమవుద్దండీ?"

"మా అమ్మాయే" అన్నాను.

"మరి తను చూసిపోయాక మళ్లీ మీరెందుకండీ?"

ల్యాబులోకి వెళ్లాను. ఫినాయిల్ వాసన, ఎక్కడో మాడిన చక్కెర వాసన. కుళాయి తిప్పాను. నీళ్లు వచ్చాయి. నేను చెయ్యి కాదు, మొహం కడుక్కున్నాను. అవసరం పడింది.

బయటికొచ్చేసరికి నాలుగు దాటి పది నిమిషాలు. ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ ఎత్తి, మేడ ఎక్కి వెళ్లి పిల్లకిచ్చింది.

"అమ్మా, ఆప్షన్ల పేజీ తెరువు. ఓటీపీ నాకొస్తుంది, చెప్తాను. వరస నువ్వే పెట్టుకో."

"నువ్వే మార్చొచ్చుగా నాన్నా, పొద్దున మార్చినట్టు."

"నేను ముట్టుకోను."

"ఎక్కడున్నావు? కాకులు అరుస్తున్నాయి."

"పొన్నూరులో."

మెల్లిగా, "కుళాయి తిప్పావా?" అంది.

"తిప్పాను. నీళ్లొచ్చాయి."

"నాక్కూడా వచ్చాయి" అంది.

అంతవరకూ బాగానే ఉంది, ఓటీపీ మాత్రం రాలేదు. ఆ గేటు దగ్గర మాటలకి సరిపోయే సిగ్నలు ఉంది గానీ మెసేజీకి లేదు. వాచ్‌మన్ నన్ను రోడ్డు మీదున్న కల్వర్టు ఎక్కమన్నాడు. ఎక్కాను. వచ్చింది, కానీ అప్పటికి దాని గడువు అయిపోయింది. మళ్లీ అడిగింది అమ్మాయి. ఈసారి సరిగ్గా నంబరు చదువుతుంటే ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. "ఆరా, ఏడా?" అంటుంది అమ్మాయి. "ఏడు, ఏడు" అంటాను నేను. "ఏడవమంటావేంటి నాన్నా?" అంటుంది. తనకి నవ్వొస్తోందని గొంతులో తెలిసింది. ఆ రెండోదీ చెల్లకుండా పోయింది. నాలుగూ నలభై. మూడోసారి వాచ్‌మన్ కల్వర్టు కింద రోడ్డుకి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ చాపి, వచ్చే ట్రాక్టర్ని ఆపేశాడు. "పిల్ల చదువండీ, అర నిమిషం" అని డ్రైవరుకి చెప్పాడు. డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో నేను ఆరు అంకెల్నీ ఒక్కొక్కటే, స్కూల్లో ఎక్కం అప్పజెప్పినట్టు, గట్టిగా చదివాను.

"పడింది నాన్నా. ఫుడ్ టెక్నాలజీ, ఫస్ట్."

ట్రాక్టర్ డ్రైవరు, "అయిందా? ఏం సీటండీ?" అన్నాడు. వాచ్‌మనే నా బదులు చెప్పాడు. నేను కల్వర్టు దిగబోతుంటే ఫోన్లోంచి మళ్లీ మా అమ్మాయి గొంతు. "నాన్నా, ఒకటి అడగనా? ఆ బంధువులబ్బాయి ఎవరు?"

"ఎందుకడుగుతున్నావు?"

"ప్రతిసారీ వాడికి ఏమనిపించిందో కూడా చెప్తావు. స్కూటర్ వెనక కూర్చుని వాడు ఏమనుకున్నాడో నీకెట్టా తెలుసు?"

"ఇంటికొచ్చి చూపిస్తాను" అన్నాను.

ఇంటికి చేరేసరికి ఆరున్నర. తోడల్లుడు ఒంగోలు బస్సుకి బ్యాగు సర్దుకుని హాల్లో కూర్చున్నాడు. అతను ఉండగానే చేయాలనుకున్నాను. ఆ మాట అన్నది అతని ఎదురుగానే కదా. బీరువా అడుగు అరలో పెళ్లిపట్టుచీరల కింద దాచిన కవరు తీశాను. మడతల దగ్గర చిరిగి, టీ రంగుకి తిరిగిన నా ఇంటర్ మార్కుల కాగితం. దాన్ని భోజనాల బల్ల మీద మా అమ్మాయి మార్కుల మెమో పక్కన పరిచాను. "తాలు మార్కులు ఈ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇవి. ఆ బంధువులబ్బాయిని నేనే. పొద్దున ఆ మాట అనడం నా తప్పు, ఓటీపీ జేబులో వేసుకుపోవడం అంతకన్నా పెద్ద తప్పు" అన్నాను.

వెయ్యికి నాలుగువందల ఎనభై నాలుగు. మా అమ్మాయి ఒక్కొక్క సబ్జెక్టూ పైకి చదివింది. ఫిజిక్స్ దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ కాగితం లాక్కుని, "ముప్పై ఆరా! మా నాన్నకి మీరు ఫిజిక్స్ అంటే ప్రాణమని చెప్పారు కదండీ!" అంది. "ప్రాణమే, పోయింది" అన్నాను. పొద్దుట్నించీ మొదటిసారి మా అమ్మాయి పళ్లు కనబడేలా నవ్వింది. తోడల్లుడు బ్యాగు జిప్పు తీస్తూ, వేస్తూ కాసేపు కూర్చుని, "అన్నయ్యా, మనలో మన మాట, నాది సప్లిమెంటరీ" అన్నాడు. "మా వాడికి చెప్పకండి." ఆ తర్వాత అతను రెండు బస్సులు వదిలేసుకుని, మిగిలిన పకోడీల పిండితో మళ్లీ పకోడీలు వేయించుకుని తిన్నాడు.

నేను ఫోను తీసి అమ్మాయికిచ్చి, రిజిస్ట్రేషన్లో నా నంబరు తీయించి తన నంబరు పెట్టించాను. దానికి చివరిసారిగా ఒక ఓటీపీ నాకొచ్చింది. అడక్కుండానే చదివి చెప్పాను. సీటు ఎక్కడొస్తుందో వచ్చే వారం తెలుస్తుంది. ఎక్కడొచ్చినా అది తను పెట్టుకున్న వరసలోంచే వస్తుంది. అమ్మాయి రెండు మార్కుల కాగితాల్నీ అయస్కాంతాలతో ఫ్రిజ్ తలుపుకి అంటించింది, తనది పైన, నాది కింద. మంచినీళ్లకి వెళ్లినప్పుడల్లా ఆ ముప్పై ఆరు నన్ను చూస్తోంది. మామయ్య చెయ్యి టిక్కీ అడుగుకి చేరడానికి ఒక్క క్షణం పట్టేది. పేపరు అడుగున ఉన్న ఆ నంబరు నాదేనని చెప్పడానికి నాకు ముప్పై నాలుగేళ్లు పట్టింది.